కంపెనీ సస్పెన్షన్‌తో ఉన్న పికప్ ట్రక్కుకి పెద్ద టైర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇసుజు వి-క్రాస్, హైలాండర్, టయోటా హైలక్స్ లాంటి బండ్లను సొంతానికి వాడుకునేవాళ్ల కోసం ఈ పేజీ. బండిని పైకి లేపే లిఫ్ట్ కిట్ వేయకుండా, ఫెండర్లు (చక్రాల పైన ఉండే బాడీ రేకు) కోయకుండా, షోరూమ్ నుంచి వచ్చినట్టే ఉన్న బండికి ఒక మెట్టు పెద్ద టైరు ఎలా ఎంచుకోవాలన్నదే ఇక్కడి విషయం. మన దగ్గర ఎక్కువగా కనిపించేది వి-క్రాస్ కాబట్టి లెక్కలన్నీ దాని మీదే చేశాను. పైగా అది 2016 నుంచి మన శ్రీసిటీలోనే తయారవుతోంది. బండి వేరైనా లెక్క వేసే పద్ధతి అదే.

లిఫ్ట్ లేకుండా ఎంత పెద్ద టైరు వేయొచ్చు?

టైరు మొత్తం ఎత్తు, అంటే వ్యాసం, కంపెనీ టైరు కంటే మూడు మూడున్నర శాతం పెరిగితే ఏ గొడవా ఉండదు. ఐదు శాతం దగ్గరికి వస్తే కొన్ని బండ్లలో ఎక్కడో ఒకచోట తగులుతుంది, కొన్నింటిలో తగలదు. అది టైరు బ్రాండు మీద, రిమ్ము మీద ఆధారపడుతుంది. ఏడెనిమిది శాతం దాటితే చక్రం గూటి లోపలి ప్లాస్టిక్ కోయడమో, బండి లేపడమో తప్పదు. అప్పుడిక అది కంపెనీ బండి కాదు.

షాపులో "ఏం కాదు సార్, పట్టేస్తది" అనే మాట వినిపిస్తుంది. పడుతుంది నిజమే. నిలబెట్టిన బండికి ఏ టైరైనా పడుతుంది. ఫుల్ కటింగ్ కొట్టి, అంటే స్టీరింగ్ చివరిదాకా తిప్పి, నలుగురు ఎక్కి, గుంతలో దిగినప్పుడు పడుతుందా లేదా అన్నది చూడాలి.

టైరు మీద ఉన్న అంకెల నుంచి ఎత్తు ఎలా లెక్కగట్టాలి?

వి-క్రాస్ పై వేరియంట్లలో వచ్చే 255/60 ఆర్18 తీసుకుందాం. 255 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 60 అంటే సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు ఆ వెడల్పులో 60 శాతం, అంటే 153 మి.మీ. 18 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో, మిల్లీమీటర్లలో 457. రిమ్ముకి పైనా కిందా సైడ్‌వాల్ ఉంటుంది కాబట్టి 153ని రెండుతో గుణించి 457 కలిపితే 763 మి.మీ. అంటే సుమారు 30 అంగుళాల టైరు.

ఫోన్లో క్యాలిక్యులేటర్ ఉంటే చాలు. కొత్త సైజుకీ ఇదే లెక్క చేసి, తేడాని పాత ఎత్తుతో భాగించి వందతో గుణిస్తే శాతం వస్తుంది. ఈ రెండు నిమిషాల పని చేయకుండా షాపుకి వెళ్లొద్దు.

అయితే ఇది కాగితం మీది లెక్క. ఒకే సైజులో రెండు బ్రాండ్ల టైర్లను పక్కపక్కన నిలబెడితే పది మి.మీ. దాకా తేడా కనిపించవచ్చు. తారుకీ మట్టికీ పనికొచ్చే ఆల్ టెర్రైన్ టైర్లకి భుజాల దగ్గర బటన్లు, అంటే రబ్బరు దిమ్మెలు, బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. ఎక్కడైనా రుద్దుకుంటే మొదట రుద్దుకునేవి అవే.

అయితే ఏ సైజు వేయమంటారు?

నా సలహా కాస్త విసుగ్గా అనిపించవచ్చు. బాగా అమ్ముడుపోయే మరో బండి టైరు సైజునే మీ బండికి తెచ్చుకోండి. విదేశాల్లో డి-మ్యాక్స్ (వి-క్రాస్‌కి అక్కడి పేరు) వాళ్లు వేసుకునే సైజులు వీడియోల్లో చూసి మనసు పడతాం. కానీ 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతిని ఆంక్షల జాబితాలోకి చేర్చాక, అరుదైన సైజులు ఇక్కడ దొరకడం కష్టమైంది. దొరికినా ఒకటి పగిలితే జత కోసం వారాల తరబడి ఎదురుచూడాలి. శ్రీశైలం దారిలో సైడ్‌వాల్ చిరిగితే పక్క ఊళ్లో దొరికే సైజు కావాలి మనకి.

255/60 ఆర్18 ఉన్న వి-క్రాస్‌కి మొదటి చాయిస్ 255/65 ఆర్18. ఇది మహీంద్రా థార్ పై వేరియంట్ల సైజు. థార్లు రోడ్డు మీద లెక్కలేనన్ని ఉన్నాయి కాబట్టి టైరుకి కొదవ ఉండదు. ఎత్తు 789 మి.మీ., పెరుగుదల 3.3 శాతం. వెడల్పు మారదు కాబట్టి రిమ్ము గురించి ఆలోచించే పని లేదు, పక్కకి పొడుచుకురాదు. అంకెల్లో చిన్న మార్పే అయినా, చక్రాల గూట్లో ఆ ఖాళీ తగ్గి బండి నిండుగా కనిపిస్తుంది. చాలామందికి కావాల్సింది కూడా అదే.

రెండోది 265/60 ఆర్18. ఇది ఫార్చ్యూనర్ ఫోర్ వీల్ డ్రైవ్‌లో, హైలక్స్‌లో, పాత ఫోర్డ్ ఎండీవర్‌లో వచ్చే సైజు. పెరుగుదల ఒకటిన్నర శాతమే. ఎత్తు పెద్దగా రాదు గానీ బ్రాండ్లు బోలెడు, జిల్లా కేంద్రంలో కూడా దొరుకుతుంది. రిమ్ము వెడల్పు మాత్రం చూసుకోవాలి.

మూడోది 265/65 ఆర్18, ఎత్తు 802 మి.మీ., సరిగ్గా ఐదు శాతం ఎక్కువ. చూడ్డానికి ఇదే బాగుంటుంది, నిజమే. కానీ కంపెనీ సస్పెన్షన్ మీద ఇది అంచున నడవడమే. వేసే ముందు కింద చెప్పిన పరీక్ష చేయకుండా డబ్బు కట్టొద్దు.

16 అంగుళాల రిమ్ముతో 245/70 ఆర్16 ఉన్న హైలాండర్ లాంటి బండికి ఇదే తర్కంతో 245/75 ఆర్16 సరిపోతుంది. థార్ కింది వేరియంట్ సైజు అది. పెరుగుదల 3.3 శాతం. 265/70 ఆర్16 వేస్తే 3.7 శాతం, వెడల్పు 20 మి.మీ. ఎక్కువ. రెంటిలో నేనైతే సన్నదే తీసుకుంటాను.

హైలక్స్‌కి 265/60 ఆర్18 నుంచి 265/65 ఆర్18కి వెళ్తే 3.4 శాతమే, అంటే అక్కడ అది సౌకర్యమైన పెంపు. వి-క్రాస్‌కి ఐదు శాతమైన సైజే హైలక్స్‌కి మూడున్నర లోపు. సైజు ఒకటే కదా అని పక్కవాడి బండి చూసి వేయకూడదనేది అందుకే.

వెడల్పు ఎక్కువైతే గ్రిప్ పెరుగుతుంది కదా?

పొడి తారు రోడ్డు మీద మలుపుల్లో కొంత పెరుగుతుంది. ఇసుకలో, గాలి తగ్గించినప్పుడు, పనికొస్తుంది. మన బండ్లు ఎక్కువగా ఇరుక్కునే చోట మాత్రం కథ వేరు.

నల్లరేగడి సంగతి చూడండి. కర్నూలు, ఆదిలాబాద్, ప్రకాశం వైపు పొలాల బాటలో ఒక వాన పడితే ఆ మట్టి బంకలా టైరుకి చుట్టుకుంటుంది. నాలుగు చుట్లు తిరిగేసరికి బటన్ల మధ్య గాడులన్నీ నిండిపోయి, ఎంత ఖరీదైన టైరైనా గుండు టైరులా తయారవుతుంది. ఇంకో పది గజాలు పోతే మట్టి మందంగా పేరుకుని మడ్‌ఫ్లాప్‌ని, చక్రం గూటి లోపలి ప్లాస్టిక్ లైనర్‌ని తాకుతుంది. వెడల్పు టైరు ఆ మట్టిని ఎక్కువ మోస్తుంది, పైపైన తేలుతుంది, కింద ఉన్న గట్టి నేలని అందుకోదు. సన్నగా, ఎత్తుగా ఉన్న టైరు మట్టిని చీల్చుకుని దిగుతుంది. ట్రాక్టర్ ముందు చక్రాలు ఎలా ఉంటాయో గుర్తు చేసుకుంటే చాలు.

నీళ్లు నిలిచిన హైవే మీదా అంతే. టైరు ఎంత వెడల్పైతే నీటిని అంత ఎక్కువ పక్కకి తోయాలి. తోయలేకపోతే నీటి మీద తేలి స్టీరింగ్ ఖాళీ అయిపోతుంది. కాబట్టి పెంచాలనుకుంటే ఎత్తు పెంచండి, వెడల్పు జోలికి పోవద్దు.

గ్రౌండ్ క్లియరెన్స్ ఎంత పెరుగుతుంది?

వ్యాసంలో పెరిగిన దాంట్లో సగం. 255/60 నుంచి 255/65కి మారితే 13 మి.మీ. 265/65 అయితే 19 మి.మీ. ఇంత ఖర్చూ అందుకోసమే అయితే వద్దు. రాయి మీద దిగేటప్పుడు ముందు బంపర్ కాస్త పైకి ఉండటం, గుంత అంచులు టైరుకి మెత్తగా తగలడం, ఇవి అసలు లాభాలు. రెండోది రోజూ తెలుస్తుంది.

రుద్దుకుంటుందో లేదో కొనే ముందే ఎలా తెలుస్తుంది?

ముందు ఒక్క టైరు మాత్రమే రిమ్ముకి ఎక్కించి, ముందు ఎడమ చక్రానికి బిగించి చూడమని అడగండి. మంచి షాపువాళ్లు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే వేరే షాపు చూసుకోవడం మేలు.

బిగించాక స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పించండి. ముందుకి వెళ్తూ ఒకసారి, రివర్స్‌లో ఒకసారి. రివర్స్‌లో ఎందుకంటే, అప్పుడు చక్రం సస్పెన్షన్ బుష్‌ల ఆటలో కాస్త ముందుకి జరిగి, ముందుకెళ్లేటప్పుడు తగలని చోట తగులుతుంది. తర్వాత ఆ చక్రాన్ని పేవ్‌మెంట్ అంచు మీదికో, ర్యాంపు మీదికో ఎక్కించి, స్ప్రింగు నొక్కుకుపోయిన స్థితిలో మళ్లీ ఫుల్ కటింగ్ కొట్టాలి. ఇంట్లో వాళ్లు నలుగురూ వచ్చి ఉంటే ఎక్కి కూర్చోమనండి, ఇంకా మంచిది.

చూడాల్సిన చోట్లు నాలుగు. ముందు చక్రం వెనకాల, తలుపు కింద మొదలయ్యే మూల. లోపలి ప్లాస్టిక్ లైనర్ ముందు భాగం, బంపర్ కలిసే చోట. మడ్‌ఫ్లాప్. లోపలి వైపు, సస్పెన్షన్ పై చెయ్యికీ టైరు సైడ్‌వాల్‌కీ మధ్య ఉన్న సందు. ఈ చివరిదాన్ని ఎవరూ చూడరు. అక్కడ వేలు దూరేంత ఖాళీ అయినా లేకపోతే ఆ సైజు వదిలేయండి. మిగతా చోట్ల రుద్దితే ప్లాస్టిక్ అరుగుతుంది. అక్కడ రుద్దితే సైడ్‌వాల్ కోసుకుపోతుంది.

ఇప్పటికే టైర్లు వేసేసినవాళ్లు లైనర్‌కి తడి ముగ్గు పట్టించి, ఆరాక ఓ పూట గతుకుల్లో తిరిగి రండి. టైరు తగిలిన చోట ముగ్గు చెరిగి నల్లటి ప్లాస్టిక్ నిగనిగలాడుతూ కనిపిస్తుంది. మడ్‌ఫ్లాప్ అంచు ఒక్కటే తగులుతుంటే దాన్ని కాస్త కత్తిరించినా, వెనక్కి కట్టినా సరిపోతుంది. లోహానికి తగులుతుంటే టైరు మార్చాల్సిందే.

లోడ్ ఇండెక్స్ అంటే? దాన్ని పట్టించుకోవాలా?

సైజు కంటే ముందు పట్టించుకోవాల్సింది అదే. సైజు పక్కన 112హెచ్, 108టీ అని ఉంటుంది. ఆ అంకె ఒక్కో టైరు మోయగల బరువుకి గుర్తు. 108 అంటే 1,000 కిలోలు, 111 అంటే 1,090, 112 అంటే 1,120, 115 అంటే 1,215. అక్షరం గరిష్ఠ వేగానికి గుర్తు: గంటకి క్యూ 160, ఎస్ 180, టీ 190, హెచ్ 210 కి.మీ.

మీ పాత టైరు మీద ఉన్న లోడ్ ఇండెక్స్ కంటే కొత్తది తక్కువ ఉండకూడదు. థార్ సైజు, ఫార్చ్యూనర్ సైజు తెచ్చుకోమన్నాను కదా, అక్కడ జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. అవి మనుషుల్ని మోసే బండ్లు. పికప్ వెనక ట్రే నిండా సిమెంటు బస్తాలో, మామిడి పెట్టెలో వేస్తే వెనక టైర్ల మీద పడే బరువు వేరు. ఒకే సైజులో 108 ఉన్న మోడలూ ఉంటుంది, 112 ఉన్నదీ ఉంటుంది. బిల్లు వేసే ముందు ఆ అంకె చూడండి.

ఇంకో అపోహ కూడా ఉంది. టైరు 1,120 కిలోలు మోస్తుంది కాబట్టి బండిలో అంత ఎక్కువ వేయొచ్చని కాదు. బండి మోసే బరువుని ఛాసిస్, కమాన్ కట్టలు (వెనక లీఫ్ స్ప్రింగులు), బ్రేకులు నిర్ణయిస్తాయి. టైరు మార్చితే అది పెరగదు.

ఎల్‌టీ టైర్లు గట్టివి అంటారు. అవే వేయాలా?

రాళ్ల బాటల్లో వారం వారం తిరిగేవాళ్లకి, ఎప్పుడూ బరువు మోసేవాళ్లకి మాత్రమే. సైజు ముందు ఎల్‌టీ అని ఉన్నవి లైట్ ట్రక్ టైర్లు. పొరలు ఎక్కువ, సైడ్‌వాల్ మొండిగా ఉంటుంది. రాళ్లకి చిరగడం తక్కువ. కానీ కంపెనీ టైరు కంటే ఒక్కోటి ఐదారు కిలోలు బరువుండటం మామూలే. ఆ బరువంతా స్ప్రింగుల కింద తిరుగుతూ ఉండేది. ఖాళీ బండి గతుకుల్లో కుదుపు ఎక్కువవుతుంది, బ్రేకులకి పని పెరుగుతుంది, మైలేజీ తగ్గుతుంది. వెనక కమాన్ కట్టలతో ఖాళీగా వెళ్లే పికప్ ఎలా ఎగురుతుందో వెనక సీట్లో కూర్చున్నవాళ్లని అడగండి. దానికి ఇది తోడైతే ఇంట్లోవాళ్లు ఆ బండి ఎక్కరు.

పైగా అదే బరువు మోయడానికి ఎల్‌టీ టైరుకి ఎక్కువ గాలి కావాలి. కారు తరహా టైరుకి 33 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) సరిపోయిన చోట దీనికి 40కి పైన అవసరం పడవచ్చు. డోరు స్టిక్కర్ చూసి పాత గాలే పెడితే గాలి తక్కువైనట్టే.

హెచ్‌టీ, ఏటీ, ఎంటీల్లో ఏది తీసుకోవాలి?

తొంభై శాతం తారు రోడ్డు అయితే హెచ్‌టీ, అంటే హైవే టెర్రైన్. నిశ్శబ్దంగా, తడి రోడ్డు మీద గట్టిగా పట్టుకుంటుంది. పొలం, ఎస్టేట్, మారేడుమిల్లి లంబసింగి వైపు మట్టి దారులు కలిసి ఉంటే ఏటీ, అంటే ఆల్ టెర్రైన్. ఎక్కువమందికి ఇదే సరి. ఎంటీ అంటే మడ్ టెర్రైన్, ఫొటోల్లో బాగుంటుంది. హైవే మీద 80 దాటగానే లోపల మాట వినపడనంత మోత, తడి సిమెంటు రోడ్డు మీద బ్రేకు దూరం ఎక్కువ, అరుగుదల త్వరగా. వారానికి ఐదు రోజులు బురదలో పనుంటే తప్ప వద్దు.

ఏటీల్లో కూడా బటన్ల మధ్య ఖాళీ ఎక్కువ ఉన్నవి, తక్కువ ఉన్నవి ఉంటాయి. నల్లరేగడిలో తిరిగేవాళ్లు ఖాళీ ఎక్కువ ఉన్నవి, ఎర్ర మట్టి, కంకర బాటల వాళ్లు దగ్గర దగ్గరగా ఉన్నవి తీసుకుంటే సుఖం. దేశంలో అపోలో, ఎంఆర్‌ఎఫ్, సియట్, జేకే, యోకోహామా, బ్రిడ్జ్‌స్టోన్ అన్నీ ఏటీలు అమ్ముతున్నాయి. అన్నట్టు అపోలోకి తిరుపతి జిల్లా చినపాండూరులో, ఎంఆర్‌ఎఫ్‌కి సదాశివపేటలో ఫ్యాక్టరీలున్నాయి.

స్పీడోమీటర్ తప్పు చూపిస్తుందా?

చూపిస్తుంది. టైరు ఎంత శాతం పెద్దదైతే అసలు వేగం అంత శాతం పెరుగుతుంది. ఐదు శాతం పెద్ద టైరుతో, ఇంతకుముందు అసలు వేగం 100 ఉండే చోట ఇప్పుడు 105 ఉంటుంది, మీటరు మాత్రం పాతదే చూపిస్తుంది.

మీటరు అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు అన్నది తయారీ ప్రమాణాల్లో మూల సూత్రం. అందుకని కంపెనీలు మొదటి నుంచే కొంచెం ఎక్కువ చూపేలా పెడతాయి. మూడు శాతం పెంపు ఆ మార్జిన్‌లో కలిసిపోయి, చాలాసార్లు మీటరు జీపీఎస్‌కి దగ్గరగా వస్తుంది. ఐదు దాటితే తిరగబడుతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద కెమెరా చలాన్ వచ్చాక "నేను లిమిట్‌లోనే ఉన్నా" అంటే వినేవాళ్లుండరు. టైర్లు మార్చిన రోజే ఫోన్ జీపీఎస్ పెట్టుకుని 60, 80, 100 దగ్గర తేడా ఎంతో చూసుకోండి.

మైలేజీ సగం పడిపోయింది అంటున్నారు, నిజమేనా?

సగం అనేది అతిశయోక్తి. తగ్గడం మాత్రం నిజం. బరువు, బటన్ల రాపిడి వల్ల కొంత పోతుంది. ఇంకొంత లెక్క తప్పు. ఐదు శాతం పెద్ద టైరుతో అసలు 105 కి.మీ. తిరిగితే ఓడోమీటర్ 100 అనే చూపిస్తుంది. డీజిల్ లీటర్లని ఆ తక్కువ కిలోమీటర్లతో లెక్కవేస్తే మైలేజీ ఉన్నదానికంటే ఘోరంగా కనిపిస్తుంది. ముందు ఓడోమీటర్ అంకెని సరిచేసుకుని తర్వాత బాధపడండి. సర్వీసు కిలోమీటర్లకీ, బండి అమ్మేటప్పుడు రీడింగ్‌కీ కూడా ఇదే వర్తిస్తుంది.

ఘాట్ రోడ్డులో బండి లాగుతుందా? బ్రేకులు?

పెద్ద టైరు అంటే ప్రతి గేరూ కాస్త పొడవైనట్టు. మూడు శాతానికి తేడా దాదాపు తెలియదు. ఐదుకి, అదీ బరువైన టైరు అయితే, అరకు ఘాట్‌లో ఇంతకుముందు మూడో గేరులో ఎక్కే మలుపు రెండో గేరు అడగవచ్చు. పాత 2.5 లీటర్ వి-క్రాస్‌లో ఇది కాస్త ఎక్కువ తెలుస్తుంది. హైలక్స్ 2.8 ఇంజన్‌కి ఇది లెక్కలోకి రాదు.

దిగేటప్పుడే ఆలోచించాలి. చక్రం పెద్దదైతే, బరువైతే ఆపడానికి బ్రేకు ఎక్కువ కష్టపడాలి. బ్రేకులు మాత్రం పాతవే. గేరులో దిగండి, బ్రేకు మీద దిగొద్దు. ప్యాడ్లు సగానికి పైగా అరిగి ఉంటే టైర్లతో పాటే మార్పించండి.

గాలి ఎంత పెట్టాలి?

కొత్త టైరు కూడా పాత రకమే, లోడ్ ఇండెక్స్ తగ్గలేదు అంటే డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద ఉన్న గాలితోనే మొదలుపెట్టండి. టైరు సైడ్‌వాల్ మీద "గరిష్ఠం" అని ఉన్న అంకె పెట్టాల్సిన గాలి కాదు, దాటకూడని హద్దు. కొన్ని షాపుల్లో అదే నింపి పంపిస్తారు.

సరిపోయిందో లేదో చూడాలంటే సుద్దముక్కతో టైరు ముఖం మీద ఈ అంచు నుంచి ఆ అంచుకి మందంగా ఒక గీత గీయండి. చదునైన రోడ్డు మీద నిటారుగా కొంచెం దూరం నడిపి దిగి చూడండి. గీత మధ్యలో చెరిగి అంచుల్లో మిగిలితే గాలి ఎక్కువ. అంచుల్లో చెరిగి మధ్యలో మిగిలితే తక్కువ. అంతటా ఒకేలా పోతే సరిపోయినట్టు. ఖాళీ బండికీ, లోడు వేసిన బండికీ వేర్వేరుగా చేయండి, వెనక టైర్ల అంకె మారుతుంది. అయితే ఖాళీ బండికి సుద్ద ఎంత తక్కువ చెప్పినా స్టిక్కర్ అంకె కంటే కిందికి దించొద్దు.

వేడి ఐదారు డిగ్రీలు పెరిగితే గాలి సుమారు ఒక పీఎస్ఐ పెరుగుతుంది. మే నెలలో మధ్యాహ్నం హైవే మీద నుంచి దిగి చూస్తే ఐదారు పీఎస్ఐ ఎక్కువ కనిపించడం సహజం. అది చూసి గాలి తీసేయకండి. పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పటి అంకే అసలు అంకె. ఎండాకాలంలో టైర్లు పేలేది ఎక్కువ గాలి వల్ల అనుకుంటారు. తక్కువ గాలితో సైడ్‌వాల్ మడతపడి వేడెక్కి పేలేవే ఎక్కువ.

సూర్యలంక లాంటి చోట ఇసుకలోకి దిగితే 18–20 పీఎస్ఐకి దించుకోవచ్చు. తారు ఎక్కే ముందు తిరిగి నింపే పంపు మీ దగ్గర ఉంటేనే.

నైట్రోజన్ నింపించాలా?

మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఉచితమైతే పెట్టించుకోండి.

నాలుగు మార్చి స్టెప్నీ పాతదే ఉంచుకోవచ్చా?

ఐదూ మార్చండి. డబ్బు చాలకపోతే ఇంకో నెల ఆగండి. వి-క్రాస్, హైలక్స్‌లలో ఉన్నది పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్. ముందు వెనక ఇరుసుల మధ్య వేగం తేడాని సర్దే డిఫరెన్షియల్ ఉండదు. ఒక చక్రం ఎత్తు తేడా ఉండగా ఫోర్ హైలో (నాలుగు చక్రాలూ లాగే మోడ్‌లో) వేస్తే ఆ తేడా అంతా గేర్లు, షాఫ్టులు మోయాలి. మారుమూల పంక్చరై స్టెప్నీ వేసుకున్నప్పుడే ఫోర్ వీల్ అవసరం పడేది కూడా. పాత సైజు స్టెప్నీ తప్పక వాడాల్సి వస్తే టూ వీల్‌లో, నెమ్మదిగా, దగ్గర్లోని షాపు దాకా మాత్రమే.

కొత్త టైరు ట్రే కింద, స్టెప్నీ గొలుసుకి పడుతుందో లేదో అక్కడికక్కడే ఎక్కించి చూడండి. ఐదు శాతం పెద్ద టైరు కొన్ని బండ్లలో వెనక బంపర్ బ్రాకెట్‌కి ఆనుకుంటుంది.

రిమ్ములు కూడా మార్చాలా?

సైజు 255లోనే ఉంటే అక్కర్లేదు. 265 వేయాలంటే రిమ్ము వెడల్పు సాధారణంగా 7.5 అంగుళాలు ఉండాలి. అల్లాయ్ లోపలి వైపు పోతలోనే ఆ అంకె ఉంటుంది, తుడిచి చూడండి.

20 అంగుళాల రిమ్ము వేసి సన్న సైడ్‌వాల్ టైరు ఎక్కించడం మన రోడ్లకి పనికిరాదు. తిరగేసి ఆలోచిస్తే లాభం ఉంది. 17 రిమ్ముకి దిగి 265/65 ఆర్17 వేస్తే ఎత్తు 776 మి.మీ., కంపెనీ ఎత్తుకి దగ్గరే, సైడ్‌వాల్ మాత్రం 19 మి.మీ. ఎక్కువ. ఫార్చ్యూనర్ టూ వీల్ డ్రైవ్ సైజు కాబట్టి దొరకడమూ తేలిక. గుంతల్లో తేడా తెలుస్తుంది. రిమ్ము లోపల బ్రేకు కాలిపర్‌కి ఖాళీ ఉందో లేదో చూసుకోవాలి.

రిమ్ము ఆఫ్‌సెట్ (రిమ్ము ఎంత లోపలికి, బయటికి కూర్చుంటుందనే కొలత) మార్చి టైరుని బయటికి తోయడం, రిమ్ముకీ హబ్బుకీ మధ్య స్పేసర్లు పెట్టడం వద్దు. టైరు తిరిగే గీత పెద్దదై ఇంకా ఎక్కువ రుద్దుతుంది, బేరింగుల మీద భారం పెరుగుతుంది, బురదంతా తలుపుల మీదికి కొడుతుంది.

చట్టం ఏమంటుంది? ఇన్సూరెన్స్ ఇస్తారా?

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్, తయారీదారు చెప్పిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానికి ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.

యజమాని పుస్తకంలోనో, డోరు స్టిక్కర్ మీదో ఉన్న సైజు అయితే మీ మాటకి బలం ఉంటుంది. అందులో లేనిది వేస్తే ఆ రిస్కు మీదే. రోడ్డు మీద ఎవరూ టేపు పెట్టి కొలవరు కదా అంటారు. కొలిచేది ప్రమాదం జరిగాక వచ్చే సర్వేయర్. వేసే ముందు ఇన్సూరెన్స్ కంపెనీకి ఒక మెయిల్ రాసి, జవాబు దాచుకోండి. ఫెండర్ గీత దాటి టైరు బయటికి వస్తే మాత్రం ఎవరికైనా దూరం నుంచే తెలుస్తుంది.

బొలెరో పికప్ లాంటి గూడ్స్ బండికి ఇదంతా వర్తిస్తుందా?

లేదు. రవాణా వాహనాలకి రిజిస్ట్రేషన్ వివరాల్లోనే ఒక్కో ఇరుసుకి టైరు సైజు నమోదై ఉంటుంది. మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, తర్వాత ఏటా ఫిట్‌నెస్‌కి వెళ్లాలి. బండితో వచ్చిన సైజూ, ప్లై రేటింగూ (టైరు పొరల బలాన్ని చెప్పే అంకె) ఉన్నవే వేయండి. ఎంచుకోవాలనుకుంటే మంచి బ్రాండు ఎంచుకోండి.

మాకు టెక్సాస్‌లో ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ఉంది. అక్కడ?

లెక్క అదే, వెసులుబాటు ఎక్కువ. 275/65 ఆర్18 మీద వచ్చిన ఫోర్ వీల్ డ్రైవ్ బండికి చాలామంది 275/70 ఆర్18 వేస్తారు. 33 అంగుళాలు, 3.4 శాతం పెంపు. అక్కడ స్పీడోమీటర్‌ని కొత్త టైరుకి తగ్గట్టు సరిచేయించుకోవడం తేలిక, తప్పకుండా చేయించండి. కొలరాడో వైపు మంచులోకి వెళ్లేవాళ్లు సైడ్‌వాల్ మీద మూడు శిఖరాల కొండలో మంచు పువ్వు గుర్తు ఉన్న టైరు తీసుకోండి.

షాపులో ఏం చూసుకోవాలి?

తయారీ తేదీ. సైడ్‌వాల్ మీద డీఓటీ కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం. ఐదింటి మీదా చూడండి, నాలుగు కొత్తవి పెట్టి ఒకటి పాతది అంటగట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఆ కోడ్ ఒక వైపే పూర్తిగా ఉంటుంది కాబట్టి బిగించక ముందే చూడాలి. ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో కూడా.

బిగించాక?

బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించి ప్రింటు తీసుకోండి. నట్లని గాలి గన్నుతో బిగించి వదిలేస్తే, టార్క్ రెంచ్‌తో మళ్లీ సరిచూడమనండి. 50–100 కి.మీ. తిరిగాక ఇంకోసారి. ఐదు టైర్లనీ స్టెప్నీతో కలిపి ప్రతి ఎనిమిది, పది వేల కిలోమీటర్లకి స్థానాలు మార్చుతూ ఉంటే అన్నీ ఒకేలా అరుగుతాయి. ఫోర్ వీల్ డ్రైవ్‌కి అది అవసరం కూడా. పాత టైర్లలో అరుగుదల తక్కువ ఉంటే షాపువాడు చెప్పిన ఎక్స్ఛేంజి ధరకి వెంటనే ఒప్పుకోకండి. వి-క్రాస్ పాత సైజు 255/60 ఆర్18నే వాడే స్కార్పియో-ఎన్ వాళ్లు అంతకంటే మంచి ధరే ఇస్తారు.